జీటీఎక్స్ 1650: అప్‌డేట్ తర్వాత స్క్రీన్ 1024×768 దాటట్లేదు, బ్లెండర్‌లో కార్డు మాయం

తెనాలి_మోడలర్
ఉబుంటు (లినక్స్) 22.04, జీటీఎక్స్ 1650 నాలుగు జీబీ, ఎన్విడియా డ్రైవర్ 535. పని నడుస్తోంది కదా అని దాదాపు ఏడాదిన్నరగా అప్‌డేట్ జోలికి పోలేదు. నిన్న రాత్రి ఎందుకో బుద్ధి పుట్టి మొత్తం అప్‌డేట్ కొట్టి రీస్టార్ట్ చేశా. అంతే. 1920×1080 మానిటర్, ఇప్పుడు 1024×768 ఒక్కటే చూపిస్తోంది. ఒక్కో అక్షరం గారెంత ఉంది. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో, రెండర్ చేసే సైకిల్స్‌కి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఎంచుకునే చోట ఖాళీ. కార్డు సంగతి చెప్పే ఎన్విడియా-ఎస్ఎంఐ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానని ఒక్క లైను చెప్పి ఊరుకుంటోంది.

మా బాబాయికి విగ్రహాల షెడ్డు ఉంది. మట్టి నమూనా మొదలుపెట్టే ముందు పార్టీకి చూపించడానికి నేను బ్లెండర్‌లో మోడల్ చేసి ఇస్తా. ఒక ఊరి కొలుపులకు పోతురాజు విగ్రహం ఆర్డరు వచ్చింది. శుక్రవారం ఊరి పెద్దలు చూడటానికి వస్తున్నారు. సీపీయూ మీద ఒక్కో ఫ్రేముకి నలభై నిమిషాలు పడుతోంది. ఒక్క అప్‌డేట్ తప్ప ఇంకేమీ మార్చలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

చాయ్_షెల్
"ఇంకేమీ మార్చలేదు" అని మొదలైన టాపిక్ ఏదీ మూడు పేజీలకు తక్కువ ఆగలేదు. టీ పెట్టుకుని వస్తా.

రన్‌ఫైల్_రాజా
సింపుల్. ఉన్న ఎన్విడియా ప్యాకేజీలన్నీ పీకేసి, కంపెనీ సైటు నుంచి డాట్ రన్ ఫైలు దించుకుని ఎక్కించు. పది నిమిషాల పని. నేను ఏళ్ల తరబడి అలాగే చేస్తున్నా.

డెబియన్_పెదబాబు
తమ్ముడూ, రాజా మాట అప్పుడే వినకు. ఆప్ట్‌తో, అంటే ఉబుంటు సొంత ప్యాకేజీల దారిలో, వచ్చిన డ్రైవర్ మీద డాట్ రన్ ఎక్కించడమంటే ఒకే వంటగదిలో రెండు కాపురాలు పెట్టినట్టు. ఏ గిన్నె ఎవరిదో తెలియదు, తర్వాతి అప్‌డేట్‌కి ఒకరి ఫైళ్ల మీద ఇంకొకరు రాసేస్తారు. ముందు రోగం ఏమిటో చూడనీ.

రేడియాన్_రమణ
అందుకే ఏఎండీ కొనమనేది. ఏఎండీజీపీయూ డ్రైవర్ కెర్నల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలోనే ఉంటుంది, పైన మెసా గ్రాఫిక్స్ లైబ్రరీలు ఉంటాయి. కార్డు గుచ్చాను, బూట్ చేశాను. నాలుగేళ్లుగా డ్రైవర్ అన్న మాటే ఎత్తలేదు.

చాయ్_షెల్
ఎత్తలేదని చెప్పడానికి ప్రతి టాపిక్‌లోనూ ఎత్తుతున్నావు.

లాగ్_చూపించు
మూడు కావాలి. ఒకటి, యూనేమ్ మైనస్ ఆర్ ఏమంటోంది, అంటే ఏ కెర్నల్. రెండు, డీకేఎంఎస్ స్టేటస్. మూడు, ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కే కొట్టి అందులో వీజీఏ అని ఉన్న ముక్క. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టు, పోయినసారి ఒకాయన నిజంగానే తెలుగులో కొట్టి "కమాండ్ దొరకలేదు" అంటోందని ఫిర్యాదు చేశాడు.

బూట్‌లూప్
తెర మీద బొమ్మ నడిపే వేలాండ్ ఆపేసి చూశావా? లాగిన్ స్క్రీన్‌లో కింద గేరు బొమ్మ నొక్కి దాని బదులు పాత ఎక్సార్గ్ ఎంచుకో. నాకు అలాగే పోయింది.

డెబియన్_పెదబాబు
@బూట్‌లూప్ ఎన్విడియా-ఎస్ఎంఐకి వేలాండ్‌తో, ఎక్సార్గ్‌తో పని లేదు. అది నేరుగా కెర్నల్ మాడ్యూల్‌ని అడుగుతుంది. అదే పలకడం లేదంటే మాడ్యూల్ ఎక్కలేదన్నమాట. అప్పుడు పైన ఏ సెషన్ పెట్టినా ఒకటే.

తెనాలి_మోడలర్
@లాగ్_చూపించు అన్నా, ఇవిగో. కెర్నల్ 6.8. డీకేఎంఎస్‌లో ఎన్విడియా 535 అని ఉంది, పక్కన 6.2 కెర్నల్‌కి ఇన్‌స్టాల్డ్ అంటోంది, 6.8 ఊసే లేదు. ఎల్ఎస్‌పీసీఐలో కార్డు పేరు కనిపిస్తోంది. కానీ "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న లైను లేదు.

లాగ్_చూపించు
అన్న కాదు, అక్క.

కార్డు ఉంది, బతికే ఉంది. దాన్ని నడిపేవాళ్లే లేరు. కొత్త కెర్నల్‌కి మాడ్యూల్ తయారు కాలేదు.

తెనాలి_మోడలర్
సారీ అక్కా 🙏 తయారు కావడమంటే? అప్‌డేట్‌లో డ్రైవర్ కూడా వచ్చిందిగా.

ఎల్‌టీఎస్_మాస్టారు
అది నేను చెప్తా, పిల్లలకి చెప్పి చెప్పి అలవాటయింది. ఎన్విడియా డ్రైవర్ రెండు ముక్కలు. పైముక్క లైబ్రరీలు, అవి ఏ కెర్నల్ అయినా పట్టించుకోవు. కింది ముక్క కెర్నల్ మాడ్యూల్. అది రెడీమేడ్ చొక్కా కాదు, ఏ కెర్నల్‌కి ఆ కొలతలతో కుట్టించుకోవాలి. కెర్నల్ మారినప్పుడల్లా మళ్లీ కుట్టాలి. ఆ కుట్టే టైలరే డీకేఎంఎస్. నీ దగ్గర 6.2 కొలతలకి కుట్టిన చొక్కా ఉంది, 6.8కి లేదు.

మరి 1024×768 ఎందుకంటావా, ఎన్విడియా ప్యాకేజీ ఎక్కేటప్పుడు నూవోని, అంటే లినక్స్‌తోనే వచ్చే ఓపెన్ డ్రైవర్‌ని, బ్లాక్‌లిస్టులో పెడుతుంది. ఎన్విడియా రాలేదు, నూవోని రానివ్వలేదు. ఇక బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ ఇచ్చిన బొమ్మ మీదే డెస్క్‌టాప్ నడుస్తోంది. గీసేదంతా సీపీయూనే.

చాయ్_షెల్
మాస్టారు డీకేఎంఎస్‌ని టైలర్ చేశారు. కిందటి నెల అదే డీకేఎంఎస్ వంటమనిషి.

డెబియన్_పెదబాబు
సరే తమ్ముడూ, తొందరగా పని కావాలంటే ఒక దారి. బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కి గ్రబ్ మెనూ, అంటే కెర్నల్ ఎంచుకునే మెనూ, తెప్పించు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత 6.2 కెర్నల్ ఉంటుంది. దాంతో బూట్ చెయ్. చొక్కా ఉంది కాబట్టి కార్డు వస్తుంది. శుక్రవారం దాకా దాంతో రెండర్లు లాగించు, ఊరి పెద్దలు వెళ్లాక తీరిగ్గా బాగుచేద్దాం.

బీటెక్_థర్డ్‌ఇయర్
నాదీ ఇదే సమస్య. ల్యాప్‌టాప్, ఆర్‌టీఎక్స్ 3050. హెచ్‌డీఎంఐకి టీవీ పెడితే రావడం లేదు. ప్లీజ్ హెల్ప్.

డెబియన్_పెదబాబు
@బీటెక్_థర్డ్‌ఇయర్ ఇది కాదు, అది వేరు. కొత్త టాపిక్ తెరువు.

తెనాలి_మోడలర్
పెదబాబు అన్నా, 6.2తో బూట్ చేశా. అదే 1024×768. ఎన్విడియా-ఎస్ఎంఐ అదే మాట. కెర్నల్ 6.2 అనే చూపిస్తోంది, రెండుసార్లు చూసుకున్నా.

డెబియన్_పెదబాబు
అదెలా? డీకేఎంఎస్ ఇన్‌స్టాల్డ్ అంటోందిగా దానికి.

బూట్‌లూప్
కార్డే పోయిందేమో. ఒకసారి తీసి, కాంటాక్టులు రబ్బరుతో రుద్ది పెట్టు.

లాగ్_చూపించు
ఎల్ఎస్‌పీసీఐలో కనిపిస్తోంది, బొమ్మ కూడా ఆ కార్డు నుంచే వస్తోంది. రుద్దే పని లేదు. కానీ 6.2లో కూడా రాకపోవడం విచిత్రం. ఒక్క నిమిషం ఆలోచించనివ్వండి.

రన్‌ఫైల్_రాజా
మీరు ఆలోచిస్తూ ఉండండి, అబ్బాయికి శుక్రవారం డెడ్‌లైన్. నేను చెప్పింది చేసుంటే ఈపాటికి రెండరు సగమయ్యేది.

ప్లానో_పెంగ్విన్
ఇక్కడ పొద్దున్నే లేచి చూస్తే రెండు పేజీలు. నా అనుభవం ఒకటి. నాది ఫెడోరా, ఆర్పీఎం ఫ్యూజన్ నుంచి ఏకేమాడ్ ప్యాకేజీ. అప్‌డేట్ అయిపోయిందని చూపించినా వెనకాల మాడ్యూల్ ఇంకా తయారవుతూ ఉంటుంది. నేను ఆఫీసు మీటింగ్ తొందరలో అది పూర్తికాకుండా రీబూట్ కొట్టా, నల్ల తెర. తప్పు నాదే. అప్పటి నుంచి అప్‌డేట్ అయ్యాక ఐదు నిమిషాలు ఆగి, మాడ్‌ఇన్ఫోతో ఎన్విడియా మాడ్యూల్ వెర్షన్ అడిగి, అది చెప్పాకే రీబూట్ చేస్తా. తెనాలి తమ్ముడు కూడా మధ్యలో రీబూట్ కొట్టాడేమో?

తెనాలి_మోడలర్
లేదన్నా, అప్‌డేట్ పెట్టి అన్నం తిని వచ్చి రీస్టార్ట్ చేశా. ఎర్రగా ఏవో లైన్లు వెళ్లాయి గానీ చదవలేదు.

చాయ్_షెల్
"ఎర్రగా ఏవో లైన్లు వెళ్లాయి గానీ చదవలేదు." దీన్ని టీ షర్టు మీద వేయించుకుంటా.

రేడియాన్_రమణ
2012లో ఫిన్‌లాండ్‌లో ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ ఎన్విడియాకి వేలు చూపించింది ఊరికే కాదు.

ప్లానో_పెంగ్విన్
@రేడియాన్_రమణ ఆ వేలుకి ఇప్పుడు పదేళ్లు దాటాయి స్వామీ. 2022 మే నెలలో కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టారు. టూరింగ్ తరం నుంచి, అంటే ఈ తమ్ముడి 1650తో సహా, ఆ ఓపెన్ మాడ్యూళ్లు పనిచేస్తాయి. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కైతే అవి తప్ప వేరేవి లేవు. ఇంకా ఆ ఫోటో పట్టుకు తిరుగుతున్నారు.

రేడియాన్_రమణ
ఓపెన్ అయినా చెట్టుకి బయటే కదా. కెర్నల్ ట్రీలో లేనంత కాలం ఈ టైలర్ గొడవ తప్పదు.

ప్లానో_పెంగ్విన్
అది నిజమే.

తెనాలి_మోడలర్
అందరికీ గుడ్ న్యూస్!! రాజా అన్న చెప్పినట్టు ఎన్విడియా ప్యాకేజీలన్నీ పర్జ్ చేసి, అంటే పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేశా. స్క్రీన్ 1920×1080 వచ్చేసింది! డాట్ రన్ ఇంకా ఎక్కించనే లేదు!

రన్‌ఫైల్_రాజా
చెప్పానా లేదా 😎

లాగ్_చూపించు
ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కే మళ్లీ కొట్టు.

తెనాలి_మోడలర్
"కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్: నూవో" అని ఉంది అక్కా. ఓ. బ్లెండర్‌లో కార్డు ఇంకా ఖాళీయే.

ఎల్‌టీఎస్_మాస్టారు
అంతే. ఎన్విడియా పోయింది, దాంతో బ్లాక్‌లిస్టూ పోయింది, నూవో తలుపు తీసుకుని లోపలికొచ్చి దీపం పెట్టింది. స్క్రీనుకి సరిపోతుంది గానీ కార్డు చేత లెక్కలు చేయించే కుడా, ఆప్టిక్స్ దాని దగ్గర ఉండవు. సైకిల్స్‌కి అవే కావాలి.

నూవోని మరీ తీసిపారేయకండి. మా స్కూలు ల్యాబులో నాలుగు మిషన్లకి పాత జీటీ 710లు ఉన్నాయి. కెప్లర్ తరం, వాటికి 470 సిరీసే ఆఖరి డ్రైవర్. కొత్త కెర్నళ్లతో దాన్ని లాక్కురావడం కంటే నూవో మీద వదిలేశా. టక్స్ పెయింట్, జీకాంప్రీ హాయిగా నడుస్తున్నాయి. ఆరో తరగతి వాళ్లకి డ్రైవర్ ఏదైతేనేం.

సింగిల్_ఫ్యాన్
మాస్టారూ, మరి నాది 1050 టీఐ. దానికి కూడా ఆఖరి రోజులేనా?

ఎల్‌టీఎస్_మాస్టారు
@సింగిల్_ఫ్యాన్ పాస్కల్ కదా. 580 సిరీసే దానికి చివరిది. మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా మూడింటికీ అదే. 580 మీద ఉండు, దాటి పోకు.

తెనాలి_మోడలర్
డాట్ రన్ కూడా ప్రయత్నించా. నూవో వాడకంలో ఉంది, ముందు దాన్ని ఆపు అని ఆగిపోయింది. ఇప్పుడేం చెయ్యను?

రన్‌ఫైల్_రాజా
నూవోని బ్లాక్‌లిస్టులో పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్లీ కట్టించి, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కి టెర్మినల్‌కి పోయి, అక్కడ డెస్క్‌టాప్‌ని ఆపేసి...

డెబియన్_పెదబాబు
పది నిమిషాల పని అన్నావు రాజా.

లాగ్_చూపించు
డాట్ రన్ ఎక్కలేదు కాబట్టి మంచిదే అయింది, శుభ్రంగా ఉన్నాం. ఇప్పుడు ఆప్ట్‌తోనే 535 మళ్లీ ఎక్కించు. ఈసారి ఎర్ర లైన్లు వస్తే చదువు. డీకేఎంఎస్ తయారీ ఫెయిలైతే లాగ్ ఫైలు ఎక్కడుందో అదే చెప్తుంది, వార్, లిబ్, డీకేఎంఎస్ ఫోల్డర్లలోకి వెళ్తే మేక్ డాట్ లాగ్ అని ఉంటుంది. దాని చివరి ఇరవై లైన్లు కాదు, మొదట "ఎర్రర్" అన్న మాట ఎక్కడొచ్చిందో అది కావాలి. చివర్లో ఉండేది ఏడుపు, మొదట్లో ఉండేది దెబ్బ.

తెనాలి_మోడలర్
ఎక్కించా. మధ్యలో ఊదా రంగు తెర వచ్చి ఏదో పాస్‌వర్డ్ పెట్టుకోమంది, పెట్టా. ఎర్ర లైన్లు వచ్చాయి. లాగ్‌లో మొదటి ఎర్రర్: "సీసీ: గుర్తించలేని ఆప్షన్: మైనస్ ఎఫ్ ట్రివియల్ ఆటో వార్ ఇనిట్ ఈక్వల్స్ జీరో". దాని పైన ఒక వార్నింగ్ ఉంది, కెర్నల్‌ని కట్టిన కంపైలర్ వేరు, నువ్వు వాడుతున్నది వేరు అని. కెర్నల్‌ది జీసీసీ 12, నాది 11 అంటోంది.

రీస్టార్ట్ చేస్తే ఈసారి నీలం రంగు స్క్రీన్ వచ్చింది. అన్నీ ఇంగ్లీషులో ఏవో మెనూలు. భయమేసి కంటిన్యూ బూట్ నొక్కేశా. మళ్లీ 1024×768.

ప్లానో_పెంగ్విన్
దొరికింది! నేనూ దీని మీద ఒక శనివారం పోగొట్టుకున్నా. 22.04తో మామూలుగా వచ్చే కంపైలర్ జీసీసీ 11. 6.2 దాకా కెర్నళ్లు దాంతోనే కట్టారు. 6.5 నుంచి, ఇప్పుడు నీ 6.8 కూడా, జీసీసీ 12తో కట్టినవి. ఆ పొడుగాటి ఆప్షన్, ఫంక్షన్ లోపలి వేరియబుల్స్‌ని ముందే సున్నా చేసి పెట్టమనేది, జీసీసీ 12లోనే వచ్చింది. 11కి ఆ మాట అర్థం కాదు, చేతులెత్తేస్తుంది. సీసీ అని పిలిస్తే 11 పలుకుతోంది నీ మిషన్‌లో. జీసీసీ 12 ఎక్కించి, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో దాన్ని ముందుకు తెచ్చి, డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టు. అయిపోతుంది.

చాయ్_షెల్
అంటే కొలతలు కొత్తవి, టైలర్ దగ్గర పాత టేపు.

ఎల్‌టీఎస్_మాస్టారు
సరిగ్గా చెప్పావు నాయనా.

డెబియన్_పెదబాబు
ఇంత చిన్న విషయానికి రెండు రోజులు తిరిగాం. మూసేయొచ్చు టాపిక్.

లాగ్_చూపించు
మూయొద్దు. ప్లానో గారు చెప్పింది 6.8కి సరిపోతుంది. మరి 6.2? దానికి చొక్కా ఎప్పుడో కుట్టి ఉంది, కంపైలర్‌తో పనే లేదు. అయినా నిన్న దాంతో బూట్ చేస్తే రాలేదు. అంటే ఇక్కడ జబ్బులు రెండు. కంపైలర్ మార్చినా ఇదే స్క్రీన్ మళ్లీ వస్తుంది, చూడండి.

తెనాలి తమ్ముడూ, ఆ ఊదా తెర పాస్‌వర్డు, ఆ నీలం మెనూ సెక్యూర్ బూట్ (బూట్‌లో సంతకాలు చూసే కాపలా) ఆన్‌లో ఉంటేనే అడుగుతాయి. ఏడాదిన్నర క్రితం మొదటిసారి డ్రైవర్ ఎక్కించినప్పుడు అడిగిందా?

తెనాలి_మోడలర్
లేదక్కా. ఇదే మొదటిసారి చూడటం.

లాగ్_చూపించు
అయితే అప్పట్లో సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉంది. ఇప్పుడు ఆన్‌లో ఉంది. అప్‌డేట్ దాన్ని మార్చదు. బయోస్‌లోకి ఎవరు వెళ్లారు?

తెనాలి_మోడలర్
ఎవరూ వెళ్లలేదు. నాకు బయోస్ అంటేనే భయం.

లాగ్_చూపించు
కిందటి వారం పది రోజుల్లో కేబినెట్ మూత ఎవరైనా తీశారా? ర్యామ్, దుమ్ము దులపడం, ఏదైనా?

తెనాలి_మోడలర్
అబ్బా. బ్యాటరీ.

పోయిన ఆదివారం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము వెనక్కి పోతోంది, తేదీ ఎప్పుడో పాత సంవత్సరం చూపిస్తోంది. అప్‌డేట్ కొడితే ఫైలు ఇంకా చెల్లుబాటు కాలేదనేది. బజార్లో రిపేరు షాపుకి తీసుకెళ్తే బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ మార్చి ఇచ్చారు. టైము సరయింది కదా, ఇక అప్‌డేట్ కూడా చేద్దామని ఆ రాత్రే కొట్టా. మధ్యలో బ్లెండర్ తెరవనే లేదు. అది డ్రైవర్‌కి సంబంధం అనుకోలేదు అక్కా, బ్యాటరీ కదా అని...

చాయ్_షెల్
"ఇంకేమీ మార్చలేదు." మొదటి పోస్టు, రెండో పేరా. నా టీ వృథా కాలేదు.

బూట్‌లూప్
బ్యాటరీ మారిస్తే గ్రాఫిక్స్ కార్డు పోతుందా 🤣 ఇది మా ఇంట్లో చెప్తే నమ్మరు.

లాగ్_చూపించు
సీఆర్ 2032 అది. అది చచ్చినా, మార్చినా చాలా బోర్డుల్లో బయోస్ సెట్టింగులు డీఫాల్ట్‌కి పోతాయి. నీ బోర్డులో డీఫాల్ట్ అంటే సెక్యూర్ బూట్ ఆన్. అది ఆన్‌లో ఉంటే సంతకం గుర్తుపట్టని మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. 6.2కి కుట్టిన చొక్కా ఉంది, గుమ్మం దగ్గర ఆపేశారు. షాపువాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు బ్యాటరీ మార్చమంటే మార్చారు.

రూఢి చేసుకో. మోక్‌యుటిల్‌కి ఎస్‌బీ స్టేట్ అడుగు. తర్వాత మోడ్‌ప్రోబ్ ఎన్విడియా కొట్టి ఏమంటుందో చెప్పు, 6.2లో ఉండి.

తెనాలి_మోడలర్
"సెక్యూర్‌బూట్ ఎనేబుల్డ్". మోడ్‌ప్రోబ్: "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్".

అక్కా నీకు దండం.

డెబియన్_పెదబాబు
ఒప్పుకున్నా. నేను మూసేయమన్నా, ఆవిడ పట్టుకుంది. ఇక దారి సులువే. ఆ నీలం మెనూ మళ్లీ తెప్పించి ఎన్‌రోల్ మోక్ (మన సంతకం కీని నమ్మమని చెప్పడం) ఎంచుకుని, ఊదా తెరలో పెట్టిన పాస్‌వర్డు కొట్టాలి. పది సెకన్లే ఆగుతుంది, మీట నొక్కకపోతే దాటిపోతుంది. చాలామంది ఫోన్ చూసుకుంటూ అక్కడే తప్పిపోతారు.

రన్‌ఫైల్_రాజా
ఇంత తతంగం ఎందుకు, సెక్యూర్ బూట్ ఆఫ్ చేసిపారెయ్. ఇంట్లో వాడుకునే మిషన్‌కి అదెందుకు?

ఎల్‌టీఎస్_మాస్టారు
బయోస్ అంటే భయమన్న పిల్లాణ్ణి బయోస్‌లోకి పంపుతావా రాజా. పైగా బ్యాటరీ మళ్లీ మార్చినరోజు ఇదే టాపిక్ మళ్లీ తెరుస్తాడు.

లాగ్_చూపించు
రెండూ పనిచేస్తాయి. కానీ నేనైతే మూడో దారి చెప్తా. కుట్టడమే మానేద్దాం. ఉబుంటు సొంత కెర్నళ్లకి ఎన్విడియా మాడ్యూళ్లని ముందే కట్టి, ఉబుంటు కంపెనీ కెనానికల్ కీతో సంతకం చేసి ప్యాకేజీగా ఇస్తారు. పేరు పొడుగు: లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా-535-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04. ఇది ఎక్కించి, ఎన్విడియా-డీకేఎంఎస్-535ని తీసెయ్. కంపైలర్ 11 అయినా 12 అయినా అక్కర్లేదు, సంతకం వాళ్లదే కాబట్టి సెక్యూర్ బూట్ కూడా ఊరుకుంటుంది, నీలం మెనూ రాదు. రేపు కెర్నల్ మారితే దానికి తగ్గ మాడ్యూల్ కూడా జతగా వస్తుంది.

రెండు జబ్బులకి ఒకే మందు. ప్లానో గారి జీసీసీ మార్పు తప్పని కాదు. కానీ సిస్టం కంపైలర్‌ని మార్చి వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత ఇంకేదో చోట తేలుతుంది, అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ప్లానో_పెంగ్విన్
ఒప్పుకుంటున్నా. నేను అలాగే మార్చి మర్చిపోయి, వేరే ప్రోగ్రాం కంపైల్ కాకపోతే రెండు గంటలు తల బాదుకున్నా.

డెబియన్_పెదబాబు
ఒక్క మాట కలుపుతా. అది ఉబుంటు సొంత కెర్నళ్లకే. ఎవరైనా మెయిన్‌లైన్ కెర్నల్ దించుకున్నా, సొంతంగా కట్టుకున్నా ఆ రెడీమేడ్ చొక్కా పట్టదు, మళ్లీ డీకేఎంఎస్ దగ్గరికే రావాలి.

బీటెక్_థర్డ్‌ఇయర్
కొత్త టాపిక్ తెరిచా, ఎవరూ రిప్లై ఇవ్వలేదు 😢

ప్లానో_పెంగ్విన్
@బీటెక్_థర్డ్‌ఇయర్ ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ కొట్టు. ఇంటెల్ అని వస్తే అదే కారణం కావచ్చు. చాలా ల్యాప్‌టాపుల్లో హెచ్‌డీఎంఐ పోర్టు తీగ ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది, ఇంటెల్ మోడ్‌లో ఆ చిప్ పడుకుంటుంది. ఆన్-డిమాండ్ పెట్టి రీబూట్ చెయ్. మిగతాది నీ టాపిక్‌లో మాట్లాడదాం.

తెనాలి_మోడలర్
వచ్చేసింది!!! అక్క చెప్పిన పొడుగు ప్యాకేజీ ఎక్కించా, డీకేఎంఎస్‌ది తీసేశా, రీస్టార్ట్. నీలం స్క్రీన్ లేదు, 1920×1080, ఎన్విడియా-ఎస్ఎంఐలో పట్టిక మొత్తం వచ్చింది, 1650 పేరు, ఉష్ణోగ్రత, మెమరీ అన్నీ. ఎల్ఎస్‌పీసీఐలో "ఇన్ యూజ్: ఎన్విడియా". ఈసారి నేనే ముందు చూసుకున్నా.

బ్లెండర్‌లో కుడా, ఆప్టిక్స్ రెండూ కనిపిస్తున్నాయి. ఫ్రేము పదకొండు నిమిషాలకి వచ్చింది.

రేడియాన్_రమణ
సంతోషం తమ్ముడూ. నిజం చెప్పాలంటే బ్లెండర్ సైకిల్స్ కోసం ఏఎండీలో హిప్ లైబ్రరీలు ఎక్కించేటప్పుడు నేనూ రెండు రోజులు తిరిగా. అది లెక్కలో వేసుకోలేదు.

చాయ్_షెల్
నాలుగేళ్లలో ఎత్తని మాట ఎత్తాడు. ఎవరైనా తేదీ రాసి పెట్టుకోండి.

రన్‌ఫైల్_రాజా
పర్జ్ చేయించడం మాత్రం నాదే, అది మర్చిపోకండి.

సింగిల్_ఫ్యాన్
ఒక డౌటు. 24.04కి మారితే ఈ గొడవ ఉండేది కాదుగా?

ఎల్‌టీఎస్_మాస్టారు
@సింగిల్_ఫ్యాన్ కంపైలర్ గొడవ ఉండేది కాదు. బ్యాటరీ గొడవ ఉండేదే. 22.04కి మామూలు సపోర్టు 2027 ఏప్రిల్ దాకా ఉంది, తొందరేం లేదు. కొలుపులు అయ్యాక మారొచ్చు.

లాగ్_చూపించు
@తెనాలి_మోడలర్ టాపిక్ పేరు పక్కన "పరిష్కారమైంది" అని పెట్టు. మొదటి పోస్టులో బ్యాటరీ సంగతి కూడా చేర్చు, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పనికొస్తుంది. ఇంకొకటి, రెండర్ ఇక్కడ పెట్టవా?

తెనాలి_మోడలర్
పెట్టా అక్కా, పేరు మార్చా, బ్యాటరీ కూడా రాశా. రెండర్ శుక్రవారం తర్వాత పెడతా, ముందు ఊరి పెద్దలు చూడాలి. ఇందాక బాబాయికి చూపించా. అంతా బాగుంది గానీ మీసం ఇంకో జానెడు పెంచమన్నాడు. మళ్లీ రెండర్ పెట్టి పడుకుంటున్నా.